ఏఐ వస్తే మన పనులేమవుతాయి, మన రాబడి ఏమవుతుంది? ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నందువల్ల, వాటిని అడిగినవారి మాటల్లోనే ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకా జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి, కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. అంచనాను అంచనాగా, జరిగినదాన్ని జరిగినదిగా విడదీసి చదువుకోవాలని మనవి.

## మొదటి సందేహాలు

ఏఐకీ, ఆఫీసుల్లో ఎప్పటినుంచో ఉన్న కంప్యూటరుకీ తేడా ఏమిటి?

పాత కంప్యూటరు మనిషి రాసిపెట్టిన నియమాన్ని పొల్లుపోకుండా అమలు చేస్తుంది; జీతాల పట్టీ, రైలు రిజర్వేషను, బ్యాంకు వడ్డీ లెక్క అలా నడిచేవే. ఏఐకి అలా నియమాలు రాసివ్వరు. కోట్లకొద్దీ ఉదాహరణలు చూపిస్తే వాటిలోని పోలికలను అదే పట్టుకుంటుంది. 2012లో ఫొటోల్లోని వస్తువులను గుర్తించే పోటీలో ఈ పద్ధతి మిగతావాటిని చాలా వెనక్కి నెట్టింది. 2017లో గూగుల్ పరిశోధకులు రూపొందించిన ‘ట్రాన్స్‌ఫార్మర్’ నిర్మాణం దాన్ని భాషకు దగ్గర చేసింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదల కావడంతో అది మామూలు జనం ఫోన్లలోకి వచ్చేసింది. ఉత్తరం రాయడం, ఫిర్యాదు అర్థం చేసుకోవడం, ఎక్స్‌రే చూడడం వంటి పనులకు నియమాలు రాయడం సాధ్యం కాక అవి ఇన్నాళ్లూ యంత్రానికి అందలేదు. ఇప్పుడు కదలిక వచ్చింది సరిగ్గా ఆ పనుల్లోనే. అయితే తెలియని సంగతిని కూడా తెలిసినంత ధీమాగా చెప్పేసే అలవాటు దీనికి ఇంకా పోలేదు.

పేపర్లో ‘అడ్వాన్స్‌డ్ ఏఐ’ అని రాస్తున్నది మన ఫోన్లో ఉన్నదేనా?

మూలం అదే, మోతాదు వేరు. ఫోన్లో మనం ప్రశ్న అడిగితే అది జవాబు చెబుతుంది. పేపర్లు ప్రస్తావిస్తున్నది మాత్రం, ఒక పనిని మొత్తంగా అప్పజెప్తే దాన్ని మెట్లుగా విడగొట్టుకుని, మధ్యలో తప్పులు సరిదిద్దుకుంటూ, గంటల తరబడి మనిషి ప్రమేయం లేకుండా పూర్తిచేసే వ్యవస్థను. అమెరికాలోని మీటర్ అనే పరిశోధన సంస్థ 2025 మార్చిలో ఒక కొలత ప్రకటించింది: మనిషికి ఎంత సేపు పట్టే పనిని ఏఐ సగం సార్లయినా సరిగ్గా చేయగలుగుతోందో చూస్తే, ఆ నిడివి సుమారు ఏడు నెలలకొకసారి రెట్టింపు అవుతూ వచ్చింది. ఈ కొలత ఎక్కువగా సాఫ్ట్‌వేరు పనులకు సంబంధించినది; పైగా సగం సార్లు సరిగ్గా చేసే గుమాస్తాను ఏ దుకాణదారూ పెట్టుకోడు. అయినా ఆ వేగాన్ని తేలిగ్గా తీసిపారేయలేము.

ఎన్ని ఉద్యోగాలు పోతాయి? ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారు, ఏది నమ్మాలి?

ముందు ఆ లెక్కలు దేన్ని కొలుస్తున్నాయో చూడాలి. అంతర్జాతీయ ద్రవ్యనిధి 2024 జనవరిలో ప్రపంచంలోని ఉద్యోగాల్లో దాదాపు 40 శాతంపై ఏఐ ప్రభావం ఉంటుందని చెప్పింది. సంపన్న దేశాల్లో అది 60 శాతం, మన వంటి వర్ధమాన దేశాల్లో 40, పేద దేశాల్లో 26. ఇక్కడ ప్రభావమంటే ఆ ఉద్యోగంలోని కొన్ని పనులను ఏఐ చేయగలదని మాత్రమే. ఉద్యోగం పోతుందని కాదు. గోల్డ్‌మన్ శాక్స్ 2023లో చెప్పిన 30 కోట్ల ఉద్యోగాల అంకె కూడా పూర్తికాలపు ఉద్యోగాలకు సమానమైన పని పరిమాణమే. ప్రపంచ ఆర్థిక వేదిక 2025 జనవరి నివేదిక 2030 నాటికి 17 కోట్ల కొత్త ఉద్యోగాలు వచ్చి 9 కోట్ల 20 లక్షలు పోతాయంటుంది. అందులో ఏఐతోపాటు వాతావరణం, జనాభా, వాణిజ్యం అన్నీ కలిసి ఉన్నాయి, యాజమాన్యాలను అడిగి తెలుసుకున్న అంచనా అది.

మరోవైపు 2024లో ఆర్థికశాస్త్ర నోబెల్ పంచుకున్న డారన్ ఆసెమోగ్లు, ఏఐ వల్ల పదేళ్లలో అన్నీ కలిపి ఉత్పాదకత పెరుగుదల 0.66 శాతానికి మించదని లెక్కగట్టారు. ఆంత్రోపిక్ అనే ఏఐ సంస్థ అధిపతి డేరియో అమోదేయ్ 2025 మేలో, ఒకటి నుంచి ఐదేళ్లలో ప్రవేశస్థాయి ఆఫీసు ఉద్యోగాల్లో సగం పోవచ్చన్నారు. సరుకు తయారుచేసేవాడు తన సరుకు బలాన్ని తక్కువ చేసి చెప్పడు కనుక రెండో మాటను కాస్త తగ్గించుకుని వినాలి. గత అనుభవాన్ని కొలబద్దగా పట్టుకున్న లెక్క కొత్త సామర్థ్యాన్ని చూడకపోవచ్చు కనుక మొదటి మాటనూ కాస్త అనుమానించాలి. దిగ్గజాలు కూడా పొరబడ్డారు: ఏఐకి పునాది వేసినవారిలో ఒకరైన జెఫ్రీ హింటన్, ఎక్స్‌రేలు, స్కాన్‌లు చదివే రేడియాలజిస్టులకు ఇక శిక్షణ ఆపేయాలని 2016లో అన్నారు, నేటికీ అమెరికాలో వారికి గిరాకీ తగ్గలేదు. స్కాన్‌ను యంత్రం చదివినా, రోగితో, సర్జనుతో మాట్లాడి నిర్ణయం చెప్పి సంతకం పెట్టేది డాక్టరే.

బ్యాంకుల్లో కంప్యూటర్లు వచ్చినప్పుడు కూడా ఇలాగే భయపడ్డారు కదా, ఏమైంది?

1980లలో బ్యాంకు యూనియన్లు గట్టిగానే ప్రతిఘటించాయి. 1983లో యాజమాన్యాలతో ఒప్పందం, 1984లో రిజర్వు బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ సిఫారసులు వచ్చాక కంప్యూటర్లు నెమ్మదిగా ప్రవేశించాయి. అప్పటికే కౌంటర్లో ఉన్నవారిని ఇంటికి పంపలేదు. శాఖలు పెరిగాయి, ఖాతాలు పెరిగాయి, లెడ్జరు రాసే చేయి రుణాల వైపు, ఖాతాదారుల వైపు మళ్లింది. అమెరికాలో ఏటీఎంలు వచ్చాక కూడా చాలా ఏళ్లపాటు క్యాషియర్ల సంఖ్య పెరిగింది; ఫోన్లో బ్యాంకింగ్ వచ్చాకే తగ్గుముఖం పట్టింది.

ఈ కథను ధైర్యం చెప్పడానికి వాడుకునేవారు ఒక సంగతి వదిలేస్తారు. యంత్రం వచ్చినప్పుడు సాధారణంగా కూర్చున్నవారి కుర్చీ పోదు; ఆ మనిషి రిటైరయ్యాక ఆ కుర్చీ మళ్లీ నిండదు. కాబట్టి నష్టం ఉద్యోగం పోయినవారి జాబితాలో కనబడదు, నోటిఫికేషన్లోని ఖాళీల సంఖ్యలో కనబడుతుంది.

## చదువుకుంటున్న పిల్లల గురించి

మా అబ్బాయి గుణుపురంలో కంప్యూటర్ సైన్స్ బీటెక్ చదువుతున్నాడు. ఆ చదువు ఇక దండగేనా?

దండగ కాదు, కానీ దాని ఫలితం ఇదివరకటిలా దానంతటదే రాదు. మన దేశంలో ఐటీ పరిశ్రమ 50 లక్షల మందికి పైగా ఉద్యోగమిస్తోంది. ఆ పరిశ్రమ ఏటా వేలమంది తాజా పట్టభద్రులను తీసుకుని, చిన్న చిన్న కోడ్ మార్పులు, టెస్టింగు వంటి పనులతో మొదలుపెట్టి, మూడు నాలుగేళ్లలో చేయి తిరిగినవారిని తయారు చేసేది. ఏఐ ఇప్పుడు బాగా చేస్తున్నది సరిగ్గా ఆ మొదటి మూడు నాలుగేళ్ల పనినే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025 ఆగస్టులో అమెరికా జీతాల రికార్డులు పరిశీలించి, ఏఐ ప్రభావం ఎక్కువగా ఉన్న వృత్తుల్లో 22 నుంచి 25 ఏళ్ల వయసువారి ఉపాధి 2022 చివరి నుంచి సాపేక్షంగా 13 శాతం తగ్గిందనీ, అదే వృత్తుల్లోని అనుభవజ్ఞులకు అలాంటి దెబ్బ తగలలేదనీ తేల్చారు. అమెరికా లెక్క మనకు యథాతథంగా వర్తించదు. కానీ మన ఐటీకి పని వచ్చేది అక్కడినుంచే.

అలాగని యంత్రం ఇచ్చిందల్లా వేగమే అనుకోకూడదు. మీటర్ సంస్థ 2025 జూలైలో అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లను పరీక్షిస్తే, తమకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లో ఏఐ వాడినప్పుడు వారికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. తాము 20 శాతం త్వరగా ముగించామని మాత్రం వారు నమ్మారు. యంత్రం రాసిన కోడ్‌ను చదివి, అది ఎక్కడ తప్పిందో పట్టుకోగలిగినవారికే విలువ. అందువల్ల మీ అబ్బాయి ప్రాథమిక సూత్రాలను, అంటే డేటా నిర్మాణాలు, ఆపరేటింగ్ సిస్టమ్, నెట్‌వర్కు వంటివాటిని, పరీక్ష కోసం కాక పని కోసం చదవాలి. ప్రాజెక్టు రిపోర్టును బయట కొనుక్కునే పాత అలవాటు మానాలి. ఒక రైస్ మిల్లుకో, ఒక ఆసుపత్రికో నిజంగా పనికొచ్చేది ఒకటి తయారుచేసి, వాళ్లు వాడగా వచ్చిన తిట్లు తిని సరిదిద్దాలి. క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఒక్కదాన్నే నమ్ముకుని విద్యారుణం తీసుకునేవారు మాత్రం మొదటి ఉద్యోగం ఏడాది ఆలస్యమైనా వాయిదాలు కట్టగలమా అని ముందే చూసుకోవాలి.

మామూలు డిగ్రీ చేసి, విశాఖలోనో హైదరాబాదులోనో కాల్ సెంటర్లో చేరి పైకొచ్చినవాళ్లు ఉన్నారు. ఆ దారి ఉంటుందా?

నా దృష్టిలో మన జిల్లాలకు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. మన ఊళ్లలో రోబోలు దిగి పొలం పనో, తాపీ పనో లాక్కునే రోజు దగ్గరలో లేదు. కానీ పెద్ద ఆస్తీ, పెద్ద పరిచయాలూ లేని ఇంటి పిల్ల బీకామ్ చేసి, నగరంలో హాస్టల్లో ఉంటూ, బీపీఓలోనో డేటా ఎంట్రీలోనో మొదటి జీతం అందుకుని, ఇంటికి డబ్బు పంపి, తమ్ముణ్ణి చదివించే దారి ఒకటి ఇరవై ఏళ్లుగా ఉంది. ఏఐ ముందుగా తాకేది ఆ మొదటి మెట్టును.

ఈ పనిపై జరిగిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ఆసక్తికరంగా ఉంటుంది. ఐదు వేలకు పైగా కస్టమర్ సర్వీసు ఉద్యోగులకు ఏఐ సహాయకుణ్ణి ఇచ్చి చూస్తే, గంటకు పరిష్కరించిన ఫిర్యాదులు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తగా చేరినవారికీ, నైపుణ్యం తక్కువున్నవారికీ 34 శాతం పెరిగాయి. బాగా అనుభవమున్నవారికి పెద్దగా తేడా రాలేదు. అంటే పాతవారి చాకచక్యాన్ని యంత్రం కొత్తవారికి నేర్పింది. కొత్త ఉద్యోగికి అది వరమే. కానీ అదే సంస్థ యజమాని వైపు నుంచి చూస్తే, ఎక్కువ మంది లేకుండానే అదే పని జరుగుతుందన్నమాట. పైగా సులువైన ఫిర్యాదులను పూర్తిగా యంత్రానికే వదిలేస్తే మనిషి దగ్గరికి వచ్చేవి కోపంతో ఉన్నవారి చిక్కు కేసులే. దారి మూసుకుపోదు, ఇరుకవుతుంది. అందులో నిలబడేవారు ఆరోగ్య బీమా, జీఎస్టీ, ఆసుపత్రి బిల్లింగు వంటి ఏదో ఒక రంగాన్ని లోతుగా తెలిసినవారై ఉంటారు. ‘కంప్యూటరు వచ్చు, ఇంగ్లీషు వచ్చు’ అన్న అర్హత ఒక్కటే ఇక చాలదు.

ఒడియా మీడియంలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఇది లాభమా, నష్టమా?

రెండూ ఉన్నాయి, లాభం కాస్త ఎక్కువ. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన భాషిణి వంటి అనువాద వేదికల వల్ల తెలుగు, ఒడియా రెండూ యంత్రానికి బాగానే అందుతున్నాయి. 2023 జూలైలోనే ఒక ఒడియా టీవీ చానల్ ‘లీసా’ అనే ఏఐ యాంకరుతో వార్తలు చదివించింది. కాబట్టి ఒడియా దరఖాస్తును తెలుగులో చెప్పించుకోవడం, ఇంగ్లీషు పాఠాన్ని ఇంటి భాషలో అడిగి తెలుసుకోవడం ఇప్పుడు ఎవరికైనా సాధ్యమే. దీనివల్ల మామూలు అనువాదం పని విలువ పడిపోతుంది. అదే సమయంలో రాయగడ సంతలో తెలుగు, ఒడియా, కువి మూడింటిలోనూ బేరమాడగలిగే మనిషి, లేదా గజపతి జిల్లా కొండల మీద సవర మాట్లాడేవారికి పథకాన్ని వివరించగలిగే ఆరోగ్య కార్యకర్త చేసే పనికి యంత్రం ఇంకా చాలా దూరంలో ఉంది, ఎందుకంటే కువి, సవర భాషల్లో అది నేర్చుకోవడానికి తగినంత రాత, మాట నమోదై లేవు.

‘ఏఐ కోర్సు’ అని వేలకు వేలు అడుగుతున్నారు. చేర్పించాలా?

తొందరపడవద్దు. ఐఐటీల అధ్యాపకులు చెప్పే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాలు, కేంద్ర ప్రభుత్వ స్వయం వేదికలోని కోర్సులు ఉచితంగా చూడవచ్చు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే రుసుము. ముందు వాటిలో ఒకటి పూర్తి చేయగలిగిన పిల్లవాడికే డబ్బు పెట్టి నేర్పించే కోర్సు అక్కరకొస్తుంది. ఉద్యోగం గ్యారంటీ అని కాగితం మీద రాసివ్వనివారికి డబ్బు కట్టకండి. రాసిచ్చినవారి కాగితాన్ని ఇంకా జాగ్రత్తగా చదవండి.

దీనికన్నా ఐటీఐలో చేర్పిస్తే నయమా?

చేతిపని యంత్రానికి అందడం కష్టమన్నది నిజమే: ఇరుకు గోడ వెనక వైరు లాగడం, తుప్పు పట్టిన బోల్టు విప్పడం వంటివి చదరంగం ఆడడం కన్నా రోబోకి కఠినం. సునాబెడ విమాన ఇంజన్ల కర్మాగారం, దామన్‌జోడి అల్యూమినా రిఫైనరీ, తెరుబలి ఫెర్రో అల్లాయ్స్ మన చుట్టూనే ఉన్నాయి కాబట్టి ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడ్లకు చోటుంది. కానీ ఆఫీసు దారి ఇరుకైనవారంతా ఇటే వస్తే కూలి రేటు పెరగదు. పిల్లవాడికి చేతిపని మీద ఇష్టం ఉంటే చేర్పించండి. భయంతో మాత్రం వద్దు.

## ఇప్పటికే పనిలో ఉన్నవారికి

మా ఇంటి ఆడవాళ్లు పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తారు. మెషిన్లు వస్తే వాళ్ల గతి?

జీడి పనిలో ఏ మెట్టు ఎంతవరకు యంత్రానికి వెళ్లిందో విడివిడిగా చూడాలి. పిక్కలను ఉడికించడం, ఆరబెట్టడం ఎప్పుడో యంత్రాలకు వెళ్లాయి. పిక్క కోయడం, పొట్టు తీయడం చాలావరకు యంత్రాల మీద జరుగుతోంది. మిగిలినది గ్రేడింగు: గుండు, బద్ద, ముక్క వేరుచేయడం, మాడినవీ మచ్చపడినవీ ఏరడం, గుండ్లను పరిమాణం బట్టి విడదీయడం. 320 గ్రేడు అంటే ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండ్లు తూగాలి. చేయి తిరిగిన మనిషి తూకం లేకుండానే కంటితో ఆ తేడా పట్టేస్తుంది.

ఏఐ తాకుతున్నది ఈ కంటి పనినే. కలర్ సార్టర్ అనే యంత్రంలో పప్పు జల్లులా కిందికి జారుతుంటే కెమెరా ఒక్కొక్కదాన్నీ చూస్తుంది. రంగు తేడా ఉన్నది కనబడిన క్షణంలో సన్నని గాలి పోటు దాన్ని పక్కకు నెడుతుంది. నడుము ఒంపులో అంటుకుని మిగిలిన పొట్టును చిన్న కత్తి మొనతో, పప్పు విరగకుండా గీకడం మాత్రం ఇంకా ఆడవాళ్ల చేతుల్లోనే ఉంది. చిన్న యూనిట్లు ఆ యంత్రం ధర భరించలేవు గనుక ఒక్కసారిగా అందరి పనీ పోదు. పెద్ద యూనిట్లలో మాత్రం గ్రేడింగు బల్లల దగ్గర మనుషులు తగ్గుతారు. కిలోల లెక్కన కూలి తీసుకునేవారికి మరో చిక్కు ఉంది: సులువుగా ఒలిచేవి యంత్రం ఒలిచేసి, మొండివి మాత్రమే చేతికి వస్తే, అదే రేటుకు రోజు కూలి పడిపోతుంది. యంత్రం వచ్చిన వారంలోనే కిలో రేటు గురించి మేస్త్రీతో మాట్లాడాలి, నెలలు గడిచాక కాదు.

నేను మిల్లులో కాంట్రాక్టు కార్మికుణ్ణి. ఏఐ పేరు చెప్పి తీసేస్తే చట్టం ఏమంటుంది?

తీసివేతకు కారణం ఏఐ అయినా, ఆర్డర్లు తగ్గడమైనా చట్టానికి తేడా లేదు. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లలో ఒకటైన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, కనీసం ఏడాది నిరంతరంగా పనిచేసిన కార్మికుణ్ణి రిట్రెంచ్ చేయాలంటే, అంటే పని లేదని తొలగించాలంటే, నెల ముందు నోటీసో దాని బదులు జీతమో ఇవ్వాలి. పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. దీనికి తోడు కొత్త నైపుణ్యం నేర్చుకోవడానికి యాజమాన్యం మరో 15 రోజుల వేతనానికి సమానమైన మొత్తాన్ని ప్రత్యేక నిధికి జమచేయాలి. అది కార్మికుడి ఖాతాకు చేరాలి. 300 మంది, అంతకు మించి ఉన్న కర్మాగారాలు మాత్రమే ప్రభుత్వ అనుమతి ముందుగా తీసుకోవాలి. ఇదివరకు ఆ హద్దు 100 మంది.

కాంట్రాక్టు కార్మికుడి విషయంలో యజమాని స్థానంలో కాంట్రాక్టరు ఉంటాడు కాబట్టి, నియామక పత్రం, వేతన స్లిప్పు, పీఎఫ్ నంబరు లేకపోతే ఈ హక్కులన్నీ కాగితం మీదే మిగులుతాయి. గేటు పాసు ఫొటోతో సహా ప్రతి కాగితాన్నీ ఇప్పుడే దాచుకోండి.

సూరత్ మగ్గాల మీదికి వెళ్లే గంజాం కుర్రాళ్ల సంగతి ఏమిటి?

అక్కడ పని తగ్గించేది చాట్‌జీపీటీ కాదు, వేగం ఎక్కువున్న వాటర్‌జెట్, ఎయిర్‌జెట్ మగ్గాలు; ఒక మనిషి చూసుకోగలిగిన మగ్గాల సంఖ్య పెరగడమే అసలు మార్పు. బట్టలో లోపాలు పట్టే కెమెరాలు దానికి తోడవుతాయి. అక్కడ మగ్గం మరమ్మతు నేర్చుకున్నవాడు నిలబడతాడు.

బస్టాండు దగ్గర జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఇక మూసుకోవాల్సిందేనా?

టైపింగు, బయోడేటా, ప్రాజెక్టు రిపోర్టు, పాస్‌పోర్టు ఫొటోలో బ్యాక్‌గ్రౌండు మార్చడం వంటి పనుల మీద వచ్చే డబ్బు తగ్గుతుంది. పిల్లలు ఫోన్లోనే చేసుకుంటారు. కానీ మీ దుకాణానికి వచ్చే పెద్దాయన డబ్బు ఇస్తున్నది టైపింగుకి కాదు. ఆధార్‌లో ఒకలా, పట్టాలో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉన్న తన పేరును ఏ ఆఫీసులో ముందు సరిచేయించుకోవాలో చెప్పే మనిషి కోసం ఆయన వస్తున్నాడు. తప్పు జరిగితే మర్నాడు వచ్చి అడగడానికి మీరు అక్కడే ఉంటారన్న నమ్మకానికి డబ్బు ఇస్తున్నాడు. దరఖాస్తు నింపడానికి ఏఐ వాడండి, కానీ పేరు, తేదీ, ఖాతా నంబరు, విస్తీర్ణం ఈ నాలుగింటినీ మీ కళ్లతో సరిచూడకుండా సబ్మిట్ నొక్కవద్దు. దుకాణానికి వచ్చేవారి ఆధార్ ఫొటోలను ఉచిత ఏఐ యాప్‌లలో పెట్టడం కూడా మానాలి. అవి ఎక్కడికి పోతాయో మీరు హామీ ఇవ్వలేరు.

## సాగు, పెట్టుబడి, ప్రభుత్వం

పత్తి, వరి వేసే రైతుకు దీనివల్ల ఏం ఒరుగుతుంది?

సమాచారం ఒరుగుతుంది, ధర ఒరగదు. 2025 ఖరీఫ్‌కు ముందు కేంద్ర వ్యవసాయ శాఖ ఏఐ ఆధారిత రుతుపవనాల అంచనాలను 13 రాష్ట్రాల్లో సుమారు 3 కోట్ల 80 లక్షల మంది రైతులకు సందేశాలుగా పంపింది. తొలకరి తర్వాత మధ్యలో వానలు ఆగుతాయని ముందే తెలిస్తే విత్తనం రెండోసారి కొనే ఖర్చు తప్పుతుంది. పత్తి కాయ ఫొటో పెట్టి గులాబీ రంగు పురుగా కాదా అని అడగడమూ పనికొచ్చేదే, అయితే మందు మోతాదు మాత్రం వ్యవసాయ అధికారినో, కృషి విజ్ఞాన కేంద్రాన్నో అడిగే వేయాలి. మన దేశంలో 2023–24 లెక్కల ప్రకారం పనిచేసేవారిలో 46 శాతం వ్యవసాయంలోనే ఉన్నారు. నగరంలో ఆఫీసు పనులు తగ్గితే తిరిగి వచ్చేవారు కూడా ఈ నేల మీదికే వస్తారు; అదే కమతాన్ని మరో ఇద్దరు పంచుకోవడం రైతుకు ఏఐ తెచ్చిపెట్టగల అసలు కష్టం.

విశాఖలో గూగుల్ పెద్ద ఏఐ కేంద్రం పెడుతోందట. మన పిల్లలకు ఉద్యోగాలు వస్తాయా?

గూగుల్ 2025 అక్టోబరు 14న, విశాఖపట్నంలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడతామని ప్రకటించింది. పెట్టుబడి పెద్దదే అయినా, ఇది ఏఐని నడిపే కంప్యూటర్లను ఉంచే డేటా సెంటరు కాబట్టి దాని స్వభావం గుర్తుంచుకోవాలి: కట్టేటప్పుడు సివిల్, ఎలక్ట్రికల్, వెల్డింగ్, ఏసీ పనుల్లో వేలమందికి పని ఉంటుంది, నడిచేటప్పుడు అంత పెట్టుబడికి ఏ ఉక్కు కర్మాగారమో ఇచ్చే ఉద్యోగాల్లో చిన్న వంతు కూడా ఉండదు. లోపల ఉండేవి సర్వర్లు, చల్లబరిచే యంత్రాలు, కాపలా, కొద్దిమంది ఇంజనీర్లు. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా రైలు ఉంది కాబట్టి నిర్మాణ కాలంలో మన ఎలక్ట్రీషియన్లకు అవకాశం తప్పక ఉంటుంది.

కరెంటు సంగతి కూడా ఇందులో భాగమే. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కల్లో 2024లో ప్రపంచ డేటా సెంటర్లన్నీ కలిసి సుమారు 41,500 కోట్ల యూనిట్లు, అంటే మొత్తం వాడకంలో ఒకటిన్నర శాతం వాడాయి. 2030 నాటికి అది 94,500 కోట్ల యూనిట్లకు చేరవచ్చని అంచనా. ఆ విద్యుత్తు లైన్లు, సబ్‌స్టేషన్లు, రాగి, అల్యూమినియం ఎక్కడినుంచి వస్తాయో చూస్తే కోరాపుట్, రాయగడ కొండల్లోని బాక్సైటు ఈ కథకు బయటిది కాదని అర్థమవుతుంది.

ఉత్పత్తి పెరిగితే దేశం ధనికమవుతుంది కదా, మరి మనకెందుకు భయం?

పెరిగినదాన్ని ఎవరు పంచుకుంటారన్నది యంత్రం తేల్చదు. వడ్ల హల్లర్ మిల్లులు ఊళ్లలోకి వచ్చినప్పుడు బియ్యం చవకయ్యాయి, మిల్లు యజమాని బాగుపడ్డాడు, రోటి దగ్గర రోకలి పట్టి దంపుడు కూలి చేసుకునే ఆడవాళ్లకు మాత్రం ఆ కూలి పోయింది. వాళ్లకు వేరే పని దొరకడానికి పట్టిన కాలాన్ని ఏ లెక్కలోనూ రాయలేదు. ఇంగ్లండులో పారిశ్రామిక విప్లవం తొలి దశాబ్దాల్లో ఉత్పత్తి ఎగబాకినా కూలి రేట్లు దాదాపు కదలలేదని ఆర్థిక చరిత్రకారుడు రాబర్ట్ అలెన్ చూపారు. విద్యుత్తు మోటార్ల విషయంలోనూ లాభం కళ్లబడడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది, ఎందుకంటే ఆవిరి యంత్రం చుట్టూ కట్టిన కర్మాగారాలను మళ్లీ కట్టుకుంటేనే మోటారు ఉపయోగం పూర్తిగా తెలిసివచ్చింది. ఏఐ అంత నెమ్మదిగా రాకపోవచ్చు; వేగంగా వస్తే సర్దుకునే వ్యవధి ఇంకా తక్కువ. వేతన ఒప్పందాలు, పన్నులు, భూమి పరిహారం, చిన్న సంస్థలకు ఆ సాంకేతికత ఎంత చవకగా అందుతుందన్నవే పంపకాన్ని నిర్ణయిస్తాయి, అవన్నీ మనుషులు తీసుకునే నిర్ణయాలు.

పని లేకపోతే ప్రభుత్వమే అందరికీ నెల నెలా డబ్బు ఇస్తుందంటున్నారు, నిజమేనా?

అలాంటి చట్టమేదీ మన దేశంలో లేదు. 2016–17 ఆర్థిక సర్వే సార్వత్రిక కనీస ఆదాయంపై ఒక అధ్యాయం రాసి, మనిషికి ఏడాదికి 7,620 రూపాయల లెక్క చూపింది; అది చర్చగానే ఆగింది. ఒడిశాలో 2024 సెప్టెంబరు 17న మొదలైన సుభద్ర పథకం, 21 నుంచి 60 ఏళ్ల వయసున్న అర్హులైన మహిళలకు ఏడాదికి 10,000 చొప్పున ఐదేళ్లలో 50,000 రూపాయలు ఇస్తుంది. ఖాతాలో నేరుగా డబ్బు వేసే యంత్రాంగం ఉందని దీంతో రుజువైంది. కానీ ఈ మొత్తం ఆసరాయే తప్ప జీతానికి బదులు కాదు. జీతానికి బదులుగా ఇవ్వాలంటే ఏఐ లాభాల మీద పన్ను రాబట్టాలి, ఆ లాభం చేరే సంస్థల్లో చాలావరకు మన దేశంలో నమోదైనవి కావు.

అన్ని పనులూ యంత్రమే చేసే రోజు నిజంగా వస్తుందా?

ఈ ప్రశ్నకు నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు. బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్ 1930లో, వందేళ్ల తర్వాత మనుషులు వారానికి 15 గంటలు పని చేస్తే చాలని ఊహించారు. సంపద పెరుగుదల గురించి ఆయన అంచనా దాదాపు నిజమైంది, పని గంటల గురించినది కాలేదు. చేతిలో డబ్బు ఆడేకొద్దీ మనుషులు కొత్త అవసరాలు వెతుక్కున్నారు. అమెరికాలో 2018 నాటి ఉద్యోగాల్లో దాదాపు 60 శాతం 1940లో లేని వృత్తుల్లోనివేనని ఎంఐటీ ఆర్థికవేత్త డేవిడ్ ఆటర్ బృందం లెక్క చూపింది. ఈసారి తేడా ఎక్కడంటే, కొత్తగా పుట్టే పనిని కూడా అదే యంత్రం మనకన్నా ముందు నేర్చుకోగలిగితే ఆ పాత ఊరట పనిచేయదు. అది జరుగుతుందో లేదో చెప్పే ఆధారం ఇప్పటికి రెండు వైపులా అసంపూర్ణమే. ఆలోగా మన ఇళ్లలో చూస్తూ ఉండాల్సిన సూచికలు మాత్రం స్పష్టంగానే ఉన్నాయి: నోటిఫికేషన్లలో ఖాళీల సంఖ్య, క్యాంపస్‌కు వచ్చే కంపెనీల సంఖ్య, కొత్తగా చేరినవారి మొదటి జీతం, నగరం నుంచి ప్రతి నెలా ఇంటికి వచ్చే డబ్బు.